జట్టు ఎవరి సొత్తు?

ఉన్న ఊరు కన్నతల్లి అని మన పెద్దలు అన్నారు. పొట్టకూటికై ఊరు విడిచిన మనిషిని లోకం జాలితో చూస్తుందే గాని నిందించదు. కాని ఒక ఊరి పేరు పెట్టుకొని, ఆ ఊరి జనం చప్పట్ల మధ్య ముప్పది సంవత్సరాలు ఆడిన ఆటజట్టు ఒకనాటి రాత్రి సామాను లారీలకెత్తించుకొని వేరొక నగరానికి వెళ్ళిపోతే ఏమనవలెను? ఆ జట్టు ఎవరి సొత్తు? డబ్బు పెట్టి కొన్న యజమానిదా? టిక్కెట్టు కొని, పన్ను కట్టి, గొంతు బొంగురుపోయేటట్లు కేకలు వేసిన ఊరివారిదా? అమెరికా దేశంలో ఈ ప్రశ్న న్యాయస్థానాలకెక్కినది, శాసనసభలకూ ఎక్కినది. అక్కడి రెండు నగరాల కథ ఈ పూట శ్రోతలకు మనవి చేస్తాను.

ముందుగా ఒక్క మాట. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్ని ఆడే ఆట కాదు. రెండు కొనలూ సన్నగా ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తుతూ, ఒకరికొకరు విసురుకుంటూ, ఎదుటి పక్షంవారి గీత దాటించే ఆట అది. ఆటగాళ్ళు తలకు శిరస్త్రాణమూ, భుజాలకు కవచమూ ధరించి బరిలో దిగుతారు. ఈ ఆటకు 1920లో ఏర్పడిన జాతీయ లీగులో నేడు 32 జట్లు ఉన్నవి. ప్రతి జట్టుకూ ఒక నగరం లేక ప్రాంతం పేరు ఉన్నది. ఇంచుమించు ప్రతి జట్టుకూ ఒక ధనికుడో, ఒక కుటుంబమో యజమానిగా ఉన్నది. చిక్కంతా ఇక్కడనే. పేరు ఊరిది, పత్రాలు యజమానివి.

బాల్టిమోర్ అన్నది మేరీలాండ్ రాష్ట్రంలోని రేవు పట్టణం. ఓడలలోను, ఉక్కు కర్మాగారాలలోను పనిచేసే శ్రామికులు ఎక్కువగా ఉండిన ఊరు. 1953లో ఆ ఊరికి కోల్ట్స్ అన్న జట్టు వచ్చినది. కోల్టు అనగా గుర్రపు పిల్ల. గుర్రపు పందేలకు పేరుపొందిన నగరానికి తగిన పేరే. ఆ రోజులలో ఆటగాళ్ళకు నేటివలె కోట్ల జీతాలు లేవు. పలువురు ఆట లేని మాసాలలో ఆ ఊరిలోనే ఏదో ఒక ఉద్యోగం చేసుకొనేవారు. జనం నడుమనే కాపురముండేవారు. 1958 డిసెంబరులో న్యూయార్కు జట్టుతో జరిగిన తుది పోటీలో ఆట సమానంగా ముగియగా, అదనపు కాలంలో బాల్టిమోర్ 23-17 తేడాతో గెలిచినది. ఆనాటి నాయకుడు జానీ యునైటస్ పేరు ఆ ఊరిలో ఇప్పటికీ ఇంటింటా వినిపిస్తుంది.

1972లో ఈ జట్టు చేతులు మారినది. రాబర్ట్ ఇర్సే అనే వ్యాపారి లాస్ ఏంజిలిస్ జట్టును కొని, దానిని బాల్టిమోర్ జట్టు యజమానికి ఇచ్చి, ప్రతిగా ఈ జట్టును పుచ్చుకొన్నాడు. సంతలో ఎడ్లను మార్చుకొన్నట్లు ఇద్దరు యజమానులు రెండు ఊళ్ళ జట్లను మార్చుకొన్నారు. ఊరివారిని అడిగినవారు లేరు.

తరువాత తగవు స్టేడియంను గురించి వచ్చినది. పాత స్టేడియం చాలదని యజమాని, ఉన్నదానిని బాగుచేసుకొందామని నగరం. ఇంతలో ఇండియానాపొలిస్ అనే మరొక నగరం, చేతిలో జట్టు లేకుండానే, పైకప్పు గల పెద్ద స్టేడియం కట్టడం ఆరంభించి, జట్టు కోసం ఎదురుచూస్తున్నది. ఇర్సే అక్కడివారితో మాటలు సాగించినాడు. ఈ సంగతి తెలిసి మేరీలాండ్ శాసనసభ ఒక బిల్లు తెచ్చినది. రోడ్డు కోసమో, కాలువ కోసమో ప్రభుత్వం పరిహారమిచ్చి పొలం తీసుకొనే పద్ధతి మనకు తెలిసినదే. అదే పద్ధతిలో జట్టును స్వాధీనం చేసుకొనే అధికారం బాల్టిమోర్ నగరానికి ఇచ్చే బిల్లు అది. 1984 మార్చి 27న ఒక సభ దానిని ఆమోదించినది.

మరునాటి రాత్రి, మంచు కురుస్తుండగా, పదిహేను పెద్ద లారీలు జట్టు కార్యాలయం ముందు వచ్చి నిలిచినవి. శిరస్త్రాణాలు, దుస్తులు, బీరువాలు, గెలిచిన బహుమతులు అన్నీ ఆ రాత్రికి రాత్రే ఎక్కించినారు. పోలీసులు ఆపుతారేమోనని లారీలు వేరువేరు దారులు పట్టినవి. మార్చి 29న రెండవ సభ బిల్లును ఆమోదించి, గవర్నరు సంతకం చేసేసరికి పంజరంలో చిలుక లేదు. నగరం దావా వేసినది. చట్టం వచ్చేనాటికి జట్టు రాష్ట్రపు పరిధి దాటిపోయినదని 1985 డిసెంబరులో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పినది.

జట్టు పోయినది గాని, దాని బ్యాండు మేళం మాత్రం మిగిలినది. 1947 నుండి ఉన్న మేళం అది. అందులోనివారు జీతగాళ్ళు కారు; వేరువేరు వృత్తులు చేసుకొంటూ సరదాకొద్దీ వాయించే ఊరివారు. లారీలు వచ్చిన రాత్రి వారి యూనిఫారాలు లాండ్రీలో ఉన్నందువలన సామానుతోపాటు వెళ్ళలేదు. మేళంవారు వాటిని తెచ్చుకొని, ఎవరి కంటా పడకుండా కొంతకాలం శ్మశానవాటికలోని ఒక సమాధి మందిరంలో దాచినారట! ఆ పిమ్మట పన్నెండు సంవత్సరాలు జట్టు లేని ఆ మేళం ఊరేగింపులలోను, ఇతర నగరాల ఆటలలోను వాయిస్తూనే ఉన్నది. కొత్త స్టేడియానికి డబ్బు మంజూరు చేయుమని శాసనసభా భవనం ముందు నిలిచి వాయించినది. శబ్దాన్ని నమ్ముకొని బ్రతికే రేడియోవారికి ఈ ముచ్చట మనస్సున నాటుకొనడంలో వింత లేదు. ఆటగాళ్ళు కనిపించకపోయినా ఆ ఊరికి తన జట్టు పన్నెండేళ్ళపాటు వినిపిస్తూనే ఉన్నది.

ఇంతకూ యజమానులు ఊళ్ళు ఎందుకు మారుస్తారు? దీనికి లెక్క ఉన్నది. టెలివిజన్ ప్రసారాలపై వచ్చే పెద్ద రాబడిని లీగులోని జట్లన్నీ సమానంగా పంచుకొంటవి. 1961లో వచ్చిన చట్టం అందుకు వీలు కల్పించినది. ఆ రాబడి ఏ ఊరిలో ఉన్నా ఒకటే. కాని స్టేడియంలో ధనికులు కూర్చొనే ప్రత్యేకమైన గదుల అద్దె మాత్రం పంపకానికి రాదు. అందుచేత ఎవరు మంచి స్టేడియం, అందులోనూ ప్రజల డబ్బుతో కట్టినది, తక్కువ అద్దెకు ఇస్తారో అటు యజమాని చూపు మళ్ళుతుంది. జట్ల సంఖ్య పరిమితం. వాటిని కోరే నగరాలు అనేకం. పిల్లలు కొద్దిమందియై, దత్తతకు సిద్ధమైన ధనికులు చాలామంది ఉన్నట్లున్నది. లీగు అడ్డుకొనవచ్చును గదా అనవచ్చును. 1982లో ఓక్లండ్ నగరపు రెయిడర్స్ జట్టు లీగు వలదన్నా లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయి, న్యాయస్థానంలో గెలిచినది. అప్పటి నుండి అడ్డుకొనడానికి లీగు జంకినది. ఆ జట్టే 1995లో ఓక్లండ్‌కు తిరిగి వచ్చి, 2020లో లాస్ వేగాస్‌కు వెళ్ళినది.

ఇక కథలో రెండవ నగరం. ఎరీ సరస్సు ఒడ్డున, ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లండ్ అనే నగరం ఉన్నది. అక్కడి జట్టు పేరు బ్రౌన్స్. 1946లో దానికి మొదటి శిక్షకుడైన పాల్ బ్రౌన్ పేరిట వచ్చినది. క్లీవ్‌లండ్ కూడా ఎడబాటు ఎరుగని ఊరు కాదు. దాని పాత జట్టు రామ్స్ 1945లో లీగు విజేతగా నిలిచి, మరుసటి ఏడే లాస్ ఏంజిలిస్‌కు వెళ్ళిపోయినది. ఆ లోటును బ్రౌన్స్ తీర్చినారు. 1961లో ఆర్ట్ మోడెల్ అనే ఆయన ఆ జట్టును కొన్నాడు. 1995 నవంబరు 6న ఆయన వేదికనెక్కి, జట్టును తరలిస్తున్నట్లు ప్రకటించినాడు. ఆ వేదిక ఏ ఊరిలోనిది? బాల్టిమోర్‌లోనిది!

అవును. పదకొండేళ్ళ క్రిందట మంచు రాత్రి జట్టును పోగొట్టుకొన్న బాల్టిమోర్ నగరమే, అద్దె లేని కొత్త స్టేడియం ఇస్తామని మాట ఇచ్చి, క్లీవ్‌లండ్ జట్టును రప్పించుకొన్నది. ప్రకటన వచ్చిన మరునాడే క్లీవ్‌లండ్ ప్రజలు పాత స్టేడియం బాగుచేయడానికి పన్ను చెల్లిస్తామని అత్యధిక సంఖ్యలో ఓటు వేసినారు. అప్పటికే ఆలస్యమైనది. ఆ డిసెంబరు 17న తమ స్టేడియంలో జరిగిన చివరి ఆటలో బ్రౌన్స్ గెలిచినారు. ఆట ముగిసిన పిమ్మట ఆటగాళ్ళు అభిమానుల వరుసల దగ్గరకు వెళ్ళి వారిని కౌగిలించుకొన్నారు. జనం కూర్చున్న బల్లలు ఊడబెరికి ఇళ్ళకు తీసుకొనిపోయినారు.

తన కడుపుకోత తెలిసిన తల్లి మరొక తల్లి బిడ్డను ఎట్లు తీసుకొనగలిగినది? బాల్టిమోర్‌వారిలోనే కొందరికి ఆ సిగ్గు లేకపోలేదు. కాని అక్కడి నియమమే అట్టిది. కోల్పోయినవాడు తిరిగి పొందవలెనంటే మరొకని వద్ద నుండి పొందవలసినదే.

క్లీవ్‌లండ్ మాత్రం ఒక కొత్త పని చేసినది. నగరం న్యాయస్థానానికి వెళ్ళినది. అభిమానులు దేశమంతటా ఆందోళన చేసినారు. ఫలితంగా 1996 ఫిబ్రవరిలో ఒక ఒడంబడిక కుదిరినది. యజమాని ఆటగాళ్ళను, సిబ్బందిని వెంట తీసుకొనిపోవచ్చును. బ్రౌన్స్ అన్న పేరు, దుస్తుల రంగులు, పాత విజయాల చరిత్ర మాత్రం క్లీవ్‌లండ్‌లోనే ఉండవలెను. 1999 నాటికి లీగు ఆ నగరానికి మరొక జట్టును ఇవ్వవలెను. అట్లే ఇచ్చినది. మన దేవాలయాలలో మూలవిరాట్టు అనీ, ఉత్సవ విగ్రహమనీ రెండు ఉంటవి. ఉత్సవ విగ్రహం వాహనమెక్కి ఊరేగుతుంది. మూలవిరాట్టు గర్భగుడి విడువదు. క్లీవ్‌లండ్‌వారు సాధించినది అది. లారీలకెత్తగలిగినది ఏది, ఎత్తరానిది ఏది అన్న భేదాన్ని వారు కాగితం మీద వ్రాయించుకొన్నారు.

బాల్టిమోర్‌కు వచ్చిన జట్టుకు రేవెన్స్ అని పేరు పెట్టినారు. ఆ నగరంలోనే మరణించిన కవి ఎడ్గర్ ఆలన్ పో రచించిన ప్రసిద్ధ కావ్యంలోని నల్లని పక్షి పేరు అది. మన బ్యాండు మేళానికి మరల ఒక జట్టు దొరికినది. యునైటస్ ఇండియానాపొలిస్ జట్టుతో ఏ సంబంధమూ వద్దని ప్రకటించి, 2002లో కన్నుమూసేవరకు బాల్టిమోర్‌వాడుగానే ఉండినాడు. అయినా ఇండియానాపొలిస్‌వారికి అన్యాయం చేయరాదు. అక్కడ 1984 తరువాత పుట్టిన బిడ్డకు కోల్ట్స్ తప్ప మరొక జట్టు తెలియదు. 2007లో ఆ జట్టు విజేతయైనప్పుడు ఆ వీధులలోని ఆనందమూ నిజమైనదే. ప్రేమ కొత్త ఊరిలో వేరూనడం తప్పు కాదు. పాత ఊరి వేరును చెప్పకుండా నరకడమే తప్పు.

నివారణోపాయాలు లేవా? రెండు ఉదాహరణలు చెబుతాను. విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే ఊరిలో జనాభా లక్షకు కొంచెం ఎక్కువ. దాని జట్టు పాకర్స్ 1923 నుండి ప్రజల వాటాలతో నడుస్తున్నది. వాటాదారులు నేడు అయిదు లక్షలకు పైగా ఉన్నారు. వాటాపై లాభం రాదు. లాభానికి అమ్ముకొనడానికి వీలులేదు. అందుకే పెద్ద నగరాల జట్లు ఊళ్ళు మారినా ఆ చిన్న ఊరి జట్టు చెక్కుచెదరలేదు. ఇట్టి యాజమాన్యాన్ని కొత్తగా అనుమతించరాదని లీగు నిబంధన పెట్టుకొన్నదంటే యజమానుల మనస్సు ఎరుగవచ్చును. రెండవది, ఒహాయో రాష్ట్రం 1996లో చేసిన చట్టం. ప్రజాధనంతో కట్టిన స్టేడియంలో ఆడే జట్టు ఊరు విడువదలచుకొంటే ఆరు మాసాల ముందు తెలియజేయవలెను. స్థానికులకు కొనే అవకాశమివ్వవలెను. అదే రాష్ట్రపు కొలంబస్ నగరంలో, మనం ఎరిగిన ఫుట్‌బాల్ ఆడే క్రూ అన్న జట్టును టెక్సాస్‌కు తరలించడానికి యజమాని పూనుకొన్నప్పుడు ఈ చట్టమూ, అభిమానుల పోరాటమూ అడ్డు నిలిచినవి. స్థానికులు కొనగా ఆ జట్టు అక్కడనే నిలిచినది.

ఇది దూరదేశపు ముచ్చట అని మనం అనుకొనరాదు. కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్‌లో హైదరాబాదు పాత కాపు. నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. దాని గురువు రహీం సాహెబు శిక్షణలోనే 1962లో భారతదేశం ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచినది. అట్టి ఊరికి 2019లో ఇండియన్ సూపర్ లీగులో చోటు దొరికినది. ఎట్లు దొరికినది? పూనా నగరపు జట్టు మూతపడగా దాని స్థానంలో హైదరాబాదు ఎఫ్‌సీ వచ్చినది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన తుది పోటీలో కేరళ జట్టును ఓడించి లీగు కిరీటం గెలిచినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొన్నది. పూనా కోల్పోయినది మనకు వచ్చినప్పుడు మనలో ఎంతమంది పూనావారిని తలచుకొన్నారు? బాల్టిమోర్‌ను వేలెత్తి చూపే ముందు ఈ ప్రశ్న మనకు మనం వేసుకొనవలెను.

జట్టు ఎవరి సొత్తు అని మొదట అడిగినాను. చట్టం చూపే పత్రాల ప్రకారం యజమానిదే, దానిని కాదనలేము. కాని పేరు, రంగు, జ్ఞాపకం ఊరివి. ఊరు తన డబ్బూ, స్థలమూ, అభిమానమూ ఇచ్చే ముందే ఆ మూడింటినీ క్లీవ్‌లండ్ వలె కాగితం మీద వ్రాయించుకొనడం మంచిది. లారీలు వాకిట నిలిచిన రాత్రి చట్టం చేయబోతే చేతికి అందేది, బాల్టిమోర్‌కు అందినట్లు, లాండ్రీలో మిగిలిన దుస్తులు మాత్రమే.