తెలుగు నోట జపాన్ మాట

2022లో అచ్యుతాపురంలో జపాన్ సంస్థ యొకొహామా వారి టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. అందుకే అదే జిల్లాలోని చోడవరం చుట్టుపక్కల యువతకు జపాన్ భాష ఇక దూరపు సంగతి కాదు. ఉచ్చారణలో తెలుగువారికి మంచి పునాది కూడా ఉంది.

ఆ భాషలో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలున్నాయి. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో. ‘ఒబాసన్’ అంటే బామ్మ. ద్విత్వమూ అంతే: ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ఈ తేడాలు మన చెవికి ఇట్టే అందుతాయి.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మనం టోక్యో అని రాస్తాం. అక్కడ పలికేది ‘తోక్యో’. ‘ఉ’ అనేటప్పుడు పెదవులు ముందుకు చాచకూడదు. వాక్యం చివరి ‘దెసు’ సాధారణంగా ‘దెస్’ అనే వినిపిస్తుంది. ‘హషి’లో మొదటి అక్షరాన్ని ఎత్తి పలికితే, టోక్యో యాసలో, అన్నం తినే పుల్లలు, రెండోదాన్ని ఎత్తితే వంతెన.

జపాన్ భాషా ప్రావీణ్యానికి పెట్టే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే విభాగం లేదు. అందుకే సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ ఉచిత పాఠాలు వినండి, వెంటనే పైకి పలకండి, మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి పోల్చి చూసుకోండి.