పిల్ల బడి ఇడిసిపెట్టలే, బడే పిల్ల ఎంట పోలే

(చిక్కడపల్లిలో జరిగిన విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక రిటైర్డ్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



నేను పాలమూరు పల్లె బడులల్ల పాఠాలు చెప్పి రిటైరైన పంతులును. పెద్ద ఉపన్యాసకుణ్ణి కాదు. ఒక్క ముచ్చట చెప్పి కూసుంట.

మీల చానమంది ఈ నగర కేంద్ర గ్రంథాలయంల కుర్చీ దొరకాలని పొద్దుగాలనే వచ్చేటోళ్లు. అశోక్ నగర్ గల్లీలల్ల హాస్టళ్లల్ల ఉండి పోటీ పరీక్షలకు చదివేటోళ్లు. మీరు నడిచే తొవ్వలనే కొత్త బిల్డింగులు లేస్తున్నయి. అక్కడ ఇసుక కుప్ప మీద ఆడుకునే పిల్లలను మీరు రోజూ చూస్తరు. నారాయణగూడ అపార్టుమెంట్లల్ల మెట్ల కింది గదిల వాచ్‌మన్ కుటుంబం ఉంటది. ఆ పిల్లలు ఏ బడికి పోతున్నరని మనం ఎన్నడన్న అడిగినమా?

ఆ పిల్లలు యాడికెళ్లి వచ్చిన్రో నాకెరుక. జూన్ల నిండుగ ఉన్న నా క్లాసు సంక్రాంతి నాటికి సగమైతుండె. వానలు మొకం చాటేస్తయి, అప్పు మీద పడ్తది, గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతుల పెడ్తడు. ఇంట్ల ముసలోళ్లుంటే పిల్లలను వాళ్ల దగ్గర ఇడిసిపెడ్తరు. లేకుంటే ఎంట తోలుకపోతరు. తల్లి తట్ట ఎత్తుకుంటది, పెద్దపిల్ల తమ్మున్ని ఎత్తుకుంటది. ఎండకాలం తిరిగొచ్చిన పిల్లకు పాఠం అందదు. రెండేండ్లు గిట్లయితే మూడో ఏడు బడి దిక్కే రాదు. మేం రిజిస్టర్ల ‘డ్రాపౌట్’ అని రాసి చేతులు దులుపుకునేటోళ్లం. పిల్ల బడి ఇడిసిపెట్టలే. బడే పిల్ల ఎంట పోలే.

2011 జనాభా లెక్కలు చూడున్రి. ఉమ్మడి రాష్ట్రంల అక్షరాస్యత 67 శాతం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల 55 శాతం. ఇది తెలివి తక్కువై వచ్చిన తేడా కాదు. కరువు, వలస, ఏండ్ల తరబడి పట్టించుకోని సర్కార్లు, ఇవన్నీ కలిసి తెచ్చిన తేడా. తెలంగాణ ఎందుకు కావాలని అడిగినప్పుడు మనం ముందుగాల చూపించింది పాలమూరు వలసనే. 2014ల రాష్ట్రం వచ్చింది. మరి ఎవల పేరు చెప్పి కొట్లాడినమో ఆ ఇంటి పిల్ల సంగతేంది?

నా తప్పొకటి చెప్త. నా దగ్గర ఐదో తరగతి చదివే పిల్ల అమ్మానాయినతోని ఈ సిటీకొచ్చింది. ఇక్కడొక బడికి పోతే టీసీ తెమ్మన్నరట. కూలి పోగొట్టుకొని టీసీ కోసం ఊరికి ఎవలొస్తరు? ఎండకాలం వచ్చినప్పుడు ఆ పిల్ల చెప్తే నాకు తెలిసింది. అప్పటికే ఆ యేడు చదువు మన్నుల కలిసింది. పొయ్యేటప్పుడే ఒక కాయిదం రాసిచ్చి పంపాలన్న సోయి నాకు లేకపాయె.

ఇయ్యాల ఆ మాట చెల్లదు. విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకా పిల్లలకు చదువు హక్కు. వలస కుటుంబాల పిల్లలను బడిల చేర్పించుడు స్థానిక సంస్థల బాధ్యత అని చట్టంలనే రాసి ఉంది. టీసీ ఆలస్యమైందని, పుట్టిన తేదీ కాయిదం లేదని వద్దనరాదు. వయసుకు తగ్గ క్లాసుల కూసోబెట్టాలె. ఎనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె.

ఇదంత కాగితం మీది మాటేనా అంటే, కాదు. రంగారెడ్డి జిల్లాల ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచే పనిల ఉన్న పిల్లలను క్యాంపులల్ల చదివించి మామూలు బడికి పంపింది. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003ల మెగసెసే అవార్డు వచ్చింది. మా జిల్లాల వలస కాలానికి సీజనల్ హాస్టళ్లు పెట్టిన్రు. తల్లిదండ్రులు పోయినా పిల్ల ఊరి బడిలనే ఉంటది. గని ఒక్క మాట. మేస్త్రీ లారీ ఎక్కించకముందే హాస్టలు తెరవాలె. ఊరంత ఖాళీ అయినంక తెరిస్తే ఎవల కోసం?

ఇంకొక సంగతి మనసుల పెట్టుకోవాలె. మనోళ్లు బొంబాయి పోతే అక్కడి మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు నడిపింది. మన పిల్లలు పరాయి ఊర్ల అమ్మ భాషల అక్షరాలు దిద్దిన్రు. ఇయ్యాల ఒడిశాల బలంగీర్, నువాపడ దిక్కు నుంచి కూలీలు మన ఇటుక బట్టీలకు వస్తున్నరు. వాళ్ల పిల్లలు ఎండల ఇటుకలు తిరగేస్తున్నరు. ఒడియా పుస్తకాలు తెప్పించి, ఒడియా చెప్పేటోళ్లను పెట్టి కొన్ని బట్టీల దగ్గర బడులు నడిపిన అనుభవం మనకున్నది. అది అన్ని బట్టీలకు అందాలె. వలస బాధ అనుభవించినోళ్లమే ఇంకొకల వలసను చూడనట్టుంటే, మన మాటకు విలువుండది.

ఇగ మీరేం చెయ్యొచ్చు? మూడు పనులు. ఒకటి, హాస్టలు దోస్తులు నలుగురు కలిసి మీ గల్లీల బడికి పోని పిల్లల లిస్టు రాయున్రి. రెండు, వాళ్ల తల్లిదండ్రులను ఎంటబెట్టుకొని దగ్గరి సర్కారు బడికి పోయి హెడ్మాస్టరును కలువున్రి. లొల్లి పెట్టకున్రి, చట్టం ఏం చెప్తున్నదో మర్యాదగ చెప్పున్రి. చేర్చుకోకుంటే దరఖాస్తు రాసి విద్యాధికారి ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకోన్రి. మూడు, సాయంత్రం ఒక్క గంట ఆ పిల్లలకు చదువు చెప్పున్రి. ఇక్కడున్న టీచరు మిత్రులు నా తప్పు చెయ్యకున్రి. వలస పొయ్యే పిల్ల చేతుల ఏ క్లాసు, ఎంతవరకు చదివిందన్న కాయిదం పెట్టి పంపున్రి.

మీరు నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూస్తున్నరు, ఆ బాధ నాకెరుక. గని మీరు ఈ కుర్చీ దాకా రానీకి ఎవలో ఒక అవ్వ మిమ్మల్ని ఊర్ల పట్టుకొని బడికి పంపి ఉంటది. ఆ అవ్వ లేని పిల్లలు వీళ్లు. రేపు లైబ్రరీకి పొయ్యేటప్పుడు ఆ ఇసుక కుప్ప కాడ ఒక్క నిమిషం ఆగి, ‘బిడ్డా, నువ్వు ఏ క్లాసు?’ అని అడుగున్రి. పని అక్కడికెళ్లే మొదలైతది.