అమ్మమ్మ అడిగిన ప్రశ్న



మా తాతగారు బడిపంతులు, నాన్నగారు బడిపంతులు, నేనూ అంతే. అరాద్‌లోని మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ! ఎండతో బ్రతికే బాక్టీరియాల జన్యువులు మార్చే పద్ధతులు చదువుతున్నాను. మా అమ్మమ్మకు తెలుగులో ఎలా చెప్పను?" ఇద్దరం కూర్చుని ప్రయత్నించాము. అదే ఈనాటి నా ప్రసంగం.

అరాద్ కోట ప్రక్కన ఆటువేళ బయటపడే బురద మీరందరూ చూసినదే. ఇటువంటి ఉప్పునీటి తావులలోనే ఎండను ఆహారంగా మార్చుకొనే సూక్ష్మజీవులు ఎన్నో ఉంటాయి. చింతలపాటి శశికళ, వెంకట రమణ గారల బృందం మన భీమిలి తీరపు చెరువులో దొరికిన ఒకదానికి 2007లో 'మారిక్రొమాటియం భీమ్లికం' అని మన ఊరి పేరే పెట్టింది.

జీవిని కనుగొనడం తొలి మెట్టు. దాని జన్యుగ్రంథం చదవడం రెండవది. ఎండతో బ్రతికే జీవులలో మొదట పూర్తిగా చదివినది 'సినెకోసిస్టిస్' గ్రంథాన్ని, 1996లో, జపానులో. సుమారు 36 లక్షల అక్షరాలు! మూడవది దిద్దడం. ఈ జీవి బయటి డి.ఎన్.ఏ.ను తనంతట తానే లోనికి తీసుకుంటుంది. కొన్ని ఊదారంగు బాక్టీరియాలకు మాత్రం ఈ-కోలై అనే మరో బాక్టీరియా చేత అందించాలి. 1999లో టొరంటో శాస్త్రజ్ఞులు, కల్లు పులిసేచోట కనిపించే జైమోమోనాస్ జన్యువులు రెండింటిని ఇటువంటి నీలిఆకుపచ్చ జీవిలో పెట్టి, ఎండతోనే ఆల్కహాలు చేయించారు.

చిక్కు ఎక్కడంటే, సినెకోసిస్టిస్ కణంలో ఒకే గ్రంథానికి పది పన్నెండు ప్రతులుంటాయి, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. ఒక్క ప్రతి దిద్దితే చాలదు. అందుకని కొత్త జన్యువుతోపాటు ఒక మందును తట్టుకొనే జన్యువునూ చేర్చి, ఆ మందు మోతాదు పెంచుతూ మళ్ళీ మళ్ళీ పెంచుతారు. మధ్యలో ఆపితే పాత ప్రతులే తిరిగి తలెత్తవచ్చు.

అమ్మాయి ఇదంతా ఫోనులో చెప్పింది. అమ్మమ్మ విని, "అయితే పాతది పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుందే?" అన్నదట.

పరిశోధనశాలలో అడిగే ప్రశ్నా అదే! కరోనా నాళ్ళలో మనం విన్న పి.సి.ఆర్. పరీక్షే అక్కడా చేస్తారు. పాత గీత మాయమై కొత్త గీత ఒక్కటే కనిపించాలి.

బడి ముఖం అంతగా ఎరుగని ఆవిడ, తెలుగులో చెప్పినందుకు, సరిగ్గా కీలకం దగ్గరికే వచ్చింది. మీ పిల్లలు చదివేదేమిటో ఈ రాత్రి తెలుగులో చెప్పమనండి. మాట దొరకకపోతే మా తరగతికి పంపండి, కలిసి వెతుకుదాం.