మీరేవిట్లండి?

 

మన కోనసీమలో వివక్ష కూడా మర్యాదగానే ఉంటుంది. అద్దె ఇంటికోసం వెళ్తే ముందు మంచినీళ్ళిస్తారు. తర్వాత మెల్లగా "మీరేవిట్లండి?" అంటారు. ఎరుకలమని చెప్పగానే "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేశామండి, ఏమీ అనుకోకండి" అంటారు. డిగ్రీ చేసిన నేనే రెండు చోట్ల విన్నాను ఈ మాట. వారం తర్వాత అటు వెళ్తే టులెట్ బోర్డు అక్కడే ఉంది. తిట్టలేదు కదా, ఏమని కేసు పెడతాం?

అదే చేలో మోటారు పోయిందనుకోండి, మొదట వచ్చేది మన పేటకే. బుట్టలల్లుకుని, పందులు మేపుకుని ఇంట్లో నిద్రపోతున్నోడు కూడా అనుమానితుడే.

ఇదేదో అనాదిగా ఉన్నదనుకుంటారు చాలామంది. కాదు, దీనికి తేదీ ఉంది. మన పెద్దలు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. రైళ్ళొచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఒకచోట ఉండని జనాన్ని చూస్తే తెల్లదొరలకి అనుమానం. 1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. నేరం చేసినందుకు కాదు, ఎరుకల తల్లికి పుట్టినందుకు! బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. జనం నోట్లోంచి మాత్రం పోలేదు. సినిమావాళ్ళకి స్టువర్టుపురం అంటే ఇప్పటికీ దొంగల కథే. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' టీజర్ మీద హైకోర్టులో పిటిషన్ పడింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో, విముక్త జాతులను పుట్టు నేరగాళ్ళుగా చూసే జైలు నిబంధనల్ని కొట్టేసింది. అంటే అప్పటిదాకా పుస్తకాల్లో అవి ఉన్నాయన్నమాట!

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటి. మన పిల్లలు కాలేజీలో ఎస్టీ అంటారు, ఏ తెగ అని అడిగితే మాట మార్చేస్తారు. అమ్మ ఫోన్ చేస్తే, కుర్రు భాష ఎవరికీ వినపడకుండా బయటికెళ్ళి మాట్లాడతారు. వాళ్ళని తప్పు పట్టను, గది దొరకాలి కదా. కానీ దాక్కోవాల్సింది మనమా?

అందుకే అడుగుతున్నా. నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, 14566కి ఫోన్ చేయండి. రాత్రిపూట పోలీసులొస్తే ఏ కేసు, ఎవరి ఫిర్యాదు అని అడగండి, ఒక్కళ్ళే వెళ్ళకండి. ఇల్లు లేదన్నచోట ఊరు, తేదీ, వాళ్ళన్న మాట ఉన్నదున్నట్టు రాసి మాకు పంపండి. అన్నీ ఒక ఫైలుగా కట్టి, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుగారి చేతికిద్దాం. మొదటి రెండు కాగితాలు నావే.