మూసీ నేర్పిన పాఠము

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. వేలాదిమందికి ఆ ఆధారమైనను దొరకలేదు.

మరుసటి యేట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదను నగరమునకు ఎగువననే నిలుపవలెనని సూచించిరి. అందుల ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు. ముంచిన నీరే దాహము తీర్చు నీరైనది.

అయితే జలాశయమనగా కట్ట మాత్రమే కాదు. వాననీటిని దానికి చేర్చు భూమియు అందులోని భాగమే. కనుకనే 1996లో 111వ ప్రభుత్వపు ఉత్తర్వు 84 గ్రామములలో నిర్మాణములను కట్టడి చేసినది. నగరము నీరు త్రాగగా, తమ భూములకు ధర లేక పోయినదని ఆ గ్రామస్థులు వాపోయిరి. 2022లో ఆంక్షలు సడలినవి.

గ్రామస్థుల మొర న్యాయమైనదే. కాని 2020 అక్టోబరులో గుర్రంచెరువు కట్ట తెగి, పాతబస్తీ కాలనీలలోని ఇండ్లు మునిగిన సంగతి మరువరాదు. నీటి త్రోవలో ఇల్లు కట్టినచో నీరు ఇంటిలోనికే వచ్చును.

భూమిని విడిచిపెట్టిన రైతునకు నగరము తగిన పరిహార మీయవలెను. ముందు నీటికి త్రోవ విడిచి, పిమ్మట వీధులకు పటము గీయవలెను.