గాలిదీవులలో ఒక కుటుంబము

సెలవు మంజూరైనంతనే స్వగ్రామమునకో, తీర్థయాత్రకో బయలుదేరుట ఉద్యోగస్థుల ఇండ్లలో ఆచారము. డేరాను సైకిలుపై కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, గాలివానల నడుమ దీవులలో తిరుగుట విశ్రాంతి యెట్లగునని పెద్దలు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానముగా గ్లాస్గో నగరమునుండి వెడలిన ఒక కుటుంబపు యాత్రను చిత్తగింపుడు. తండ్రి, తల్లి, పదునొకండేండ్ల కూతురు, ఏడేండ్ల కొడుకు, వారు నలుగురు.

స్కాట్లండునకు పడమట, అట్లాంటిక్ మహాసముద్రమున, బాహ్య హెబ్రిడీస్ అను దీవుల వరుస కలదు. దక్షిణమున వాటర్సే మొదలు ఉత్తరమున లూయిస్ కొనవరకు పది దీవులను కలుపుచు 185 మైళ్ల సైకిలు మార్గము 2016లో ఏర్పడినది. ఆరు సముద్రపు కట్టలు, రెండు పడవ ప్రయాణములు ఆ దీవులను కూర్చును. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుటయే మేలందురు. ఏలయన అచట తరచుగా నైరృతి గాలి వీచును. అది వెన్ను తట్టి ముందునకు త్రోయును.

జూన్ మాసమున ఓబన్ రేవునుండి దాదాపు ఐదు గంటలు ఓడలో సాగి వారు బారా దీవి చేరిరి. ఆ దీవిలో విమానములు సముద్రతీరపు ఇసుకపైననే దిగును. పోటు వచ్చినపుడు ఆ నేల నీట మునుగును గావున విమానముల వేళలను సముద్రమే నిర్ణయించును. అచట వేసవిలో రాత్రి పది దాటినను వెలుగుండును. చీకటి పడలేదు గదా యని పిల్లలు నిద్రపోరైరి.

స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టము ప్రకారము, బాధ్యతతో మెలగువారు పైరుపొలములను, ఇండ్ల పరిసరములను విడిచి బయలునేలపై డేరా వేసికొనవచ్చును. గవ్వల పొడి కలిసిన ఇసుకను గాలి ఒడ్డునకు చేర్చగా ఏర్పడిన పచ్చికబయళ్లను అచటివారు మాఖర్ అందురు. వేసవిలో అవి పూలతో నిండును. అట్టి బయళ్లు స్కాట్లండు, ఐర్లండు పడమటి తీరములలో తప్ప మరెచ్చటను లేవు.

దీవులను కలుపు కట్టలకు ఒక్కొక్క కథ కలదు. 1986లో వాటర్సేనుండి బారాకు ఈదించుచుండగా ఒక ఆంబోతు మునిగి చచ్చెను. 1991లో అచట కట్ట పూర్తియయ్యెను. బెన్‌బెక్యులా, నార్త్ యూయిస్ట్ నడుమ కట్ట 1960లో వెలసినది. అంతకుముందు జనులు ఆటు వేళ ఇసుకతిన్నెలపై నడచి దాటెడివారు. వేళ తప్పినచో ప్రాణాపాయము.

నార్త్ యూయిస్ట్‌లో వారికి పరీక్ష యెదురయ్యెను. గాలి ఒక్కసారిగా ఉత్తరమునకు తిరిగెను. చెట్టు చాటైనను లేని బీడు అది. బెర్నరే రేవునుండి సాయంకాలపు పడవ అందుకొనవలెనని తండ్రి తొందరపడెను. కుఱ్ఱవాడు సైకిలు దిగి, ఏడ్వక, మాటాడక, గడ్డిపై కూర్చుండెను. వాని చేతులు చల్లబడియుండుట తల్లి గమనించి, "పడవ రేపును వచ్చును. వీడు ఇంక కదలజాలడు" అనెను. తండ్రి క్షణకాలము గడియారమును, పిమ్మట కొడుకును చూచి డేరా మూట విప్పెను. రాతిగోడ చాటున నలుగురును ఒక్కచోట ముడుచుకొని, వేడి సూపు త్రాగిరి. పడవ వారిని విడిచి వెడలిపోయెను. ఎవ్వరును విచారింపలేదు.

మరునాడు సమీప గృహమునందలి వృద్ధురాలు రొట్టె తెచ్చి యిచ్చెను. బాలిక "తాపా లెత్" అని గేలిక్కు భాషలో కృతజ్ఞత తెలిపెను. వృద్ధురాలు నవ్వి, పెద్దవారితో "తాపా లేవ్" అనవలెనని దిద్దెను. తెలుగున నీవు, మీరు అను భేదము వంటిది ఆ భాషయందును కలదు. 2011లో ఆ దీవులలో నూటికి 52 మంది గేలిక్కు మాటాడువారుండగా, 2022 నాటికి 45 మందియే మిగిలిరి. ఆ బాలిక రోజంతయు ఆ రెండు మాటలను వల్లించుచు సైకిలు త్రొక్కెను.

పడవలో హారిస్ చేరి, కొండలు దాటి, లూయిస్‌లో దాదాపు ఐదువేల యేండ్ల నాటి కాలనిష్ నిలువురాళ్లను దర్శించిరి. ఆదివారము అచట అంగళ్లు చాలవరకు మూయుదురు గావున శనివారమే రొట్టెలు, పాలు కొనియుంచిరి. ఉత్తరపు కొనయందు 1862లో కట్టిన ఎఱ్ఱ ఇటుకల దీపస్తంభము కడ వారి దారి ముగిసెను. కుఱ్ఱవాడు ఆ గోడను చేత్తో తాకి, "ఇంక దారి లేదా?" యని యడిగెను.

సభాసదులారా! చేరవలసిన చోటు చేరుటయే యాత్రాఫలమని యెంతురు. కాని ఆ కుటుంబమునకు గుర్తుండునది దీపస్తంభముకన్న, తప్పిపోయిన పడవయే. పసివాని అలసటను గడియారముకన్న ముందు చూచుట, పరుల భాషలో పెద్దలను పెద్దలుగా పిలుచుట అను రెండును వారికి దారిలోనే లభించినవి. బదిలీలతో ఊరూరు తిరుగు ఉద్యోగులకును, వారి బిడ్డలకును ఈ రెండును అక్కఱకు వచ్చునవే.