గనుల యూరి బిడ్డలకు సంఘహిత వ్యాపార విద్య



మందమర్రిలో ఒక కుర్రవాడు పట్టపరీక్షలో నెగ్గినాడని తెలిసినంతనే ఇరుగుపొరుగువారు మొదట అడుగునది "ఇక నేమి చదువును?" అని కాదు, "తండ్రి యుద్యోగము వీనికి వచ్చునా?" అని. పై యూళ్లవారికి ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని బొగ్గుగనుల ప్రాంతమున మూడు నాలుగు తరములుగా బ్రతుకుదెరువనగా అదియే. తండ్రి బాయిలో దిగును. తండ్రికి చేతగానినాడు కొడుకు దిగును. ఉద్యోగము, కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, ఏటేట లాభములలో వాటా, ఈ నాలుగింటి చుట్టును ఊరు అల్లుకొన్నది. ఆ యల్లిక నేడు సడలుచున్నది. ఇట్టి కాలమున విశ్వవిద్యాలయములలో క్రొత్తగా వెలసిన యొక చదువును గూర్చి, అది మన బిడ్డలకు ఎంతవరకు కొఱగాగలదో, నాకు తోచినంత మనవి చేసెదను.

మొదట అల్లిక సడలిన తీరును చూతము. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు పరిసరములలో బొగ్గును గనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. హైదరాబాదు దక్కను కంపెనీ పేర నడచిన యీ పని 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ పేరు దాల్చెను. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనెను. నేడు నూటికి 51 వంతులు తెలంగాణ రాష్ట్రమునకును, 49 వంతులు కేంద్రమునకును చెందియున్నవి. 1990–91 ప్రాంతమున ఈ కంపెనీలో లక్షకు పైగా కార్మికులు మస్టరు పడుచుండిరి. ఆ యేట త్రవ్వినది సుమారు 1 కోటి 80 లక్షల టన్నులు. 2023–24లో త్రవ్వినది 7 కోట్ల టన్నులు. శాశ్వతోద్యోగులు మాత్రము సుమారు 40 వేలు. బొగ్గు నాలుగింతలకు చేరువయ్యెను. మనుష్యులు సగమునకంటె తగ్గిరి. తట్టయు చెమ్మసును చేసిన పనిని నేడు ఉపరితల గనులలో పెద్ద యంత్రములు చేయుచున్నవి. మిగిలిన పనిలో మంచి భాగము కాంట్రాక్టు కూలీల చేతికి పోయినది. వారసత్వపు ఉద్యోగముల పథకమును 2017లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసెను. పిదప, వ్యాధిచే పనికి అనర్హులైన వారి పిల్లలకు కారుణ్య నియామకములు కలుగుచున్నవి. కాని ఊరి పిల్లలందఱికిని అవి చాలవు. పైగా భూమిలోని బొగ్గు తరుగునదే గాని పెరుగునది కాదు.

ఇక ఆ చదువు ఏమియో చెప్పెదను. సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని ఆంగ్లమున దానికి పేరు. సామాజిక వ్యవస్థాపకత యని తెలుగున కొందఱు వ్రాయుచున్నారు. నేను సుళువుగా సంఘహిత వ్యాపారమందును. ఒక ధర్మాత్ముడు వేసవిలో చలివేంద్రము పెట్టును. అది దానము, వేసవితోనే ముగియును. వేఱొకడు నీటిని సీసాలకెత్తి అమ్ముకొనును. అది వ్యాపారము, కొనగలవారి దప్పికనే తీర్చును. ఒక వాడలోని స్త్రీలు కూడి నీటిని శుద్ధిచేసి, ఖర్చులు గడచునంత వెలకు బిందెలకొలది ఇచ్చి, మిగిలిన పైకముతో ప్రక్కవాడకు గొట్టము వేసిరేని, అది సంఘహిత వ్యాపారము. దానికి వ్యాపారమునకుండు క్రమమును, దానమునకుండు లక్ష్యమును రెండును వలయును. ఒకటి యున్న చాలదు.

మన దేశమున ఈ విద్యకు స్థానము లేకపోలేదు. 1936లో సర్ దొరాబ్జీ టాటా పేర బొంబాయిలో వెలసిన సంఘసేవా విద్యాలయమే నేటి టాటా సామాజిక శాస్త్ర సంస్థ. అందు 2007లో దీనిని ఎం.ఏ. తరగతిగా ఆరంభించిరి. దీనికి దగ్గరి చుట్టమగు గ్రామీణ నిర్వహణ విద్యకై కురియన్ మహాశయుడు 1979లో గుజరాతులోని ఆనందున ఒక సంస్థను నెలకొల్పెను. అది 2025లో పార్లమెంటు చట్టముచే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమైనది. ఇట్టిచోట్ల నేర్పదగినవి మూడు: జమాఖర్చులు వ్రాయుట, సంఘమునకును కంపెనీకిని ట్రస్టునకును గల చట్టభేదము నెఱుగుట, జనుల యవసరమును ఇంటింట విచారించి కొలుచుట. కరుణను నేర్పుటకు విశ్వవిద్యాలయ మక్కఱలేదు. అది తల్లి యొడిలో నేర్వదగినది. విశ్వవిద్యాలయము నేర్పవలసినది లెక్క. లెక్క తెలియని కరుణ రెండవ యేటనే చేతులెత్తివేయును.

చదువునకును ఊరికిని గల సంబంధమును తెలుపు కథ యొకటి స్పెయిను దేశమున జరిగినది. బాస్కు సీమలోని మోండ్రాగాన్ మన ప్రాంతము వంటిదే, ఒక పెద్ద కార్ఖానాను నమ్ముకొన్న చిన్న పట్టణము. అరిస్మెండియారియెటా యను యువ మతగురువు 1941లో అచ్చటికి వచ్చి, 1943లో కార్మికుల పిల్లలకు ఒక సాంకేతిక పాఠశాల తెఱచెను. అందు చదివిన కొందఱు పని మానకుండనే, బయటి విద్యార్థులుగా జారగోజా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు పరీక్షలకు పోయిరి. వారిలో ఐదుగురు 1956లో ఉల్గోర్ అను కార్ఖానా పెట్టి చమురు పొయ్యిలు చేసిరి. పనివారే దానికి యజమానులు. 1959లో ఆ సహకార సంఘములకు తమ బ్యాంకు ఏర్పడెను. నేడు అచ్చటి సంఘములలో పనిచేయువారు వేలకొలది కలరు. 2013లో వాటిలో పెద్దదగు ఫాగోర్ గృహోపకరణముల కార్ఖానా దివాలా తీసెను. అప్పుడు సభ్యులలో పెక్కుమందికి తోడి సంఘములు పని చూపెను. మంచి యుద్దేశము నష్టమును ఆపలేదు. ముందుగా అల్లిపెట్టిన పరస్పర సహాయము మాత్రము జనులను వీథిని పడనీయలేదు.

అంతదూరము పోనేల? గోదావరి దాటి దక్షిణమునకు పోయిన, వెనుకటి కరీంనగరు జిల్లాలోని ములుకనూరు కలదు. అచ్చట 1956లోనే అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు 14 గ్రామముల రైతులను గూర్చి సహకార పరపతి, విక్రయ సంఘమును స్థాపించిరి. రైతునకు అప్పు, ఎరువు ఇచ్చుటయేగాక పంటను కొనుటయు, ధాన్యమును మరపట్టి అమ్ముటయు ఆ సంఘమే చేసెను. అనగా అప్పు ఇచ్చినవారే అప్పు తీరు దారిని గూడ చూపిరి. ఆ సంప్రదాయమునుండియే మహిళల పాడి సహకార సంఘము పుట్టి, 2002లో పాలకేంద్రము నడపనారంభించెను. దానికి అండగా నిలిచినది 1995లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము. ప్రభుత్వపు వాటాధనము లేకుండ, సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే పాలించుకొను హక్కును ఆ చట్టము ఇచ్చినది.

ఇక హెచ్చరిక చేయు కథలను గూడ వినవలెను. 1976లో చిట్టగాంగు విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రోపాధ్యాయుడు యూనస్, తమ విద్యాలయము ప్రక్కనున్న జోబ్రా గ్రామమునకు పోయి, 42 మంది పేదలకు అందఱికిని గలిపి 27 డాలర్ల విలువగల అప్పు ఇచ్చెను. దానినుండి పుట్టిన గ్రామీణ బ్యాంకునకును ఆయనకును కలిపి 2006లో నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. ఆ బ్యాంకులో అధికభాగపు వాటాలు అప్పు తీసికొన్నవారివే. మన తెలంగాణమునందును 1997లో ఎస్.కె.ఎస్. అను సంస్థ పేద స్త్రీలకు చిన్న యప్పులిచ్చు సేవాసంస్థగా మొదలయ్యెను. తరువాత అది లాభసంస్థగా మారెను. 2010 ఆగష్టులో దాని వాటాలు స్టాకు మార్కెటునకు ఎక్కెను. ఆ యక్టోబరులోనే, సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల యొత్తిడిని గూర్చియు ఆత్మహత్యలను గూర్చియు మొఱలు మిన్నుముట్టగా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. వసూళ్లు స్తంభించెను, వ్యాపారము కూలబడెను. ఒక్క సంస్థను దూషించుట నా యుద్దేశము కాదు. మందు ఒక్కటియే, వైద్యశాల యెవరిదన్న దానినిబట్టి ఫలితము మారినది. కనుక ఈ విద్యను చదువువాడు తన్నుతాను మొదట అడుగవలసిన ప్రశ్న: "నేను పెట్టబోవు పని ఎవరి సొత్తు? మిగులు ఎవరి యింటికి పోవును?"

ఈ ప్రశ్నతో మందమర్రి వాడలలో నడచితిమేని, చేయదగిన పనులు కాలికి తగులును. ఒకటి అప్పుల సంగతి. నెలజీతము గల యింటనే అధికవడ్డీ వ్యాపారి నాటుకొనుట గనుల యూళ్లకు పాతజాడ్యము. పెండ్లికో, రోగమునకో, బిడ్డ చదువునకో తెచ్చిన సొమ్ము జీతమును వచ్చినది వచ్చినట్లే మ్రింగును. కాంట్రాక్టు కూలీ గతి ఇంకను కష్టము. ఒక వాడలో ఏబది యిండ్లవారు నెలనెల పొదుపుచేసి, 1995 చట్టము క్రింద పరపతి సంఘముగా నిలుచుట సాధ్యమా? ఎంత పొదుపునకు ఎంత అప్పు ఈయవచ్చును? మొండిబాకీ వచ్చిన నెట్లు? ఇవి భావావేశముతో తేలు ప్రశ్నలు కావు. పలక పట్టుకొని తేల్చవలసినవి.

రెండవది స్త్రీల పని. గనులు ఎక్కువగా మగవాని జీతముపైన ఇల్లు నడపినవి. సింగరేణి సేవాసమితివారు కార్మిక కుటుంబముల స్త్రీలకు కుట్టుపని మొదలగునవి నేర్పుచు వచ్చుట మెచ్చదగినది. కాని కుట్టు నేర్చుట వేఱు, కుట్టుటకు పని దొరకుట వేఱు. బడిపిల్లల దుస్తులు గాని, ఆసుపత్రి దుప్పట్లు గాని కుట్టి యిచ్చెదమని ఒప్పుకొన్నచో, గుడ్డ మొత్తముగా కొనవలెను, గడువు తప్పరాదు, వంద చొక్కాలకు వందయు ఒక్కతీరుగ నుండవలెను, సొమ్ము చేతికి వచ్చువఱకు కూలి ఈయగలుగవలెను. నేర్చిన చేతికిని కొనువాని చేతికిని నడుమ ఈ పూచీ వహించువారు కావలెను. ఆ పూచీయే మన విద్యార్థి నేర్వదగిన విద్య.

మూడవది గని మిగిల్చిన నేల. ఉపరితల గనుల ప్రక్క మట్టిగుట్టలు లేచుచున్నవి. దుమ్ము ఇండ్లలో పడుచున్నది. 2015 గనుల చట్టసవరణచే ప్రతి గనుల జిల్లాకును ఖనిజనిధి ఏర్పడినది. గనులవలన బాధపడిన జనులకొఱకే దానిని వెచ్చింపవలెను. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు లాభమున నూటికి 2 వంతులు సంఘహితమునకు వినియోగింపవలెనని విధించినది. అనగా ధనము కొంత కలదు. ఏ వాడకు ఏది ముందో లెక్కలతో చూపి, అడిగి, తెచ్చి, వెచ్చించిన దానికి జవాబు చెప్పగలవారు కొఱవడియున్నారు.

తల్లిదండ్రులు ఒక్క మాట అడుగుదురు: "దీనిలో జీతమెంత?" దాచుట ధర్మము కాదు. తొలి యేండ్లలో అది శాశ్వత గనికార్మికుని రాబడికి సరిరాదు. కొందఱు పెట్టిన పని నిలువదు గూడ. కావున అప్పుచేసి, పేరుమోసిన ఖరీదైన కళాశాలకు బిడ్డను పంపుమని నేను చెప్పను. చదివిన ప్రతివాడును సంస్థాపకుడే కానక్కఱలేదు. ములుకనూరు వంటి సంఘమున రెండు మూడేండ్లు గుమాస్తాగా నుండి పద్దులు వ్రాసిన యువతి, పట్టాతో మాత్రమే తిరిగివచ్చిన యువకునికంటె ఊరికి ఎక్కువ ఉపకరించును. ఆ యనుభవముతో తరువాత స్వంతపని మొదలిడవచ్చును. సంఘములలోను, బ్యాంకులలోను, ప్రభుత్వ పథకములలోను ఉద్యోగమును సంపాదింపవచ్చును. వ్యర్థము కాని విద్య యిది.

చదువబోవు వారికి నాదొక సూచన. కళాశాలకు దరఖాస్తు వ్రాయుటకు ముందు ఈ వేసవిలో మీ వాడలో ఇరువది యిండ్లు తిరుగుడు. నెలకు రాబడి ఎంత, వడ్డీకి పోవునది ఎంత, మందులకు ఎంత, ఇంటి స్త్రీకి ఏ పని వచ్చును, ఆ పనికి ఇప్పుడు దొరకు కూలి ఎంత, అని ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. పేరులు వ్రాయకుడు, ఒకరి గుట్టు ఒకరికి చెప్పకుడు. ఆ యిరువది యిండ్ల లెక్క చేతబట్టుకొని విశ్వవిద్యాలయమునకు పొండు. ఉపాధ్యాయుడు చెప్పు ప్రతి సూత్రమును దానితో ఒరసి చూడుడు. నిలిచినది నేర్వుడు, నిలువనిదానిని గూర్చి ఆయననే ప్రశ్నింపుడు. అటుల చదివినవాడు పరీక్ష ముగిసిననాడు ఏమి చేయవలెనని వెదకికొననక్కఱలేదు. ఆ నోటుపుస్తకమే వానికి మొదటి పనిని చూపును.

మన తాతలు చీకటిలో దిగి, దేశమునకు దీపము వెలిగించిరి. రైళ్లు నడచినను, మరలు తిరిగినను వారి చెమటచేతనే. ఆ ధైర్యమునకు వారసత్వ పథకము అక్కఱలేదు. ఏ న్యాయస్థానమును దానిని కొట్టివేయజాలదు. దానికి లెక్కయు, చట్టజ్ఞానమును తోడుచేసికొందురేని, బొగ్గు తరిగిన పిమ్మటను ఈ యూళ్లు నిలుచును.